మామిడి సీజన్‌లో ఎక్స్‌ఎంఎల్ నేర్చుకున్నా: ఒక చిత్తూరు అకౌంటెంట్ అనుభవం

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. చదివింది బీకాం. టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బాగా వచ్చు, ఎక్సెల్ ఫర్వాలేదు, ప్రోగ్రామింగ్ అంటే ఏమీ తెలీదు. 2025 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉద్యోగం చేసుకుంటూనే, ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి ఇంకోదానిలోకి వివరాలు పంపడానికి పేర్లు తగిలించి రాసే పద్ధతైన ఎక్స్‌ఎంఎల్ నేర్చుకున్నాను. "ఎన్నాళ్ళు పట్టింది, ఎంత ఖర్చయింది, మనలాంటి వాళ్ళకి వస్తుందా" అని వేరే ఫ్యాక్టరీల్లో అకౌంట్స్ చూసేవాళ్ళు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో ముందు చెప్తాను. జూన్‌లో తోతాపురి (గుజ్జుకి వాడే మామిడి రకం) మొదలైందంటే గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. ప్రతి లోడుకీ ఒక టోకెను, లోడు బరువు, ఖాళీ బరువు, తరుగు, నికర బరువు. ఇవన్నీ కాటా దగ్గరున్న కంప్యూటర్లో ఎక్కుతాయి. అక్కడ స్లిప్ ప్రింటవుతుంది. ఆ స్లిప్పుల కట్ట సాయంత్రం నా టేబుల్ మీదికి వస్తే, అవే అంకెలు నేను మళ్ళీ టాలీలో పర్చేజ్ వోచర్లుగా (కొనుగోలు నమోదులుగా) కొడతాను. సీజన్‌లో ఇంటికి వెళ్ళేసరికి రాత్రి పదకొండు. ఆ నిద్రమత్తులో 4350 కాస్తా 4530 అయిందంటే, మర్నాడు పట్టీ (లెక్క చీటీ) తీసుకోవడానికి వచ్చిన రైతు ముందు నిలబడాల్సింది నేనే.

మార్చి నెలాఖరులో ఆడిటర్ గారు వచ్చినప్పుడు ఈ తంతు చూసి, "కాటా కంప్యూటర్లో ఉండేదే కదమ్మా నువ్వు మళ్ళీ కొడతా ఉండేది? టాలీ ఎక్స్‌ఎంఎల్ తీసుకుంటుంది, అది నేర్చుకో పో" అని చెప్పి కారెక్కేశారు. కొత్త టాలీ ప్రైమ్‌లో నాలుగో రిలీజ్ నుంచి ఎక్సెల్ షీటు నేరుగా ఎక్కించే వీలుంది కదా అని తెలిసినవాళ్ళు అంటారు. ఉంది. మాది అంతకు ముందుది. కొత్తది కావాలంటే రెన్యువల్ కట్టాలి, కట్టాలంటే ఓనరు గారు ఒప్పుకోవాలి, సీజన్ ముందు ఆయన్ని డబ్బు అడగడమంటే మీకు తెలియంది కాదు.

చిత్తూరులో అడిగిన చోటల్లా టాలీ, ఎంఎస్ ఆఫీస్ నేర్పుతామన్నారు. అవి నాకు వచ్చు. మా అక్క కొడుకు తిరుపతిలో బీటెక్ చదువుతున్నాడు. వాడే బాలాజీ కాలనీ వైపు ఒక ఇన్‌స్టిట్యూట్ వెతికి పెట్టాడు. ఎక్స్‌ఎంఎల్ ఒక్కటే నేర్పడం కుదరదు, వెబ్ టెక్నాలజీస్ అనే కోర్సులో అదొక భాగం అన్నారు. ఫీజు నాలుగు వేలు, ఆదివారం బ్యాచ్. ఏప్రిల్ రెండో వారంలో మొదలన్నారు గానీ పిల్లలు సరిపడా చేరలేదని వాయిదా వేస్తూ మే మొదటి ఆదివారానికి తెచ్చారు. డబ్బు మాత్రం చేరిన రోజే కట్టించుకున్నారు. పోనూ రానూ బస్సుకి రెండు వందలు దాటేది. మే నెల ఎండ, వేసవి సెలవులు, కొండ నుంచి దిగిన జనం. తిరుగు ప్రయాణంలో చంద్రగిరి దాటేదాకా సీటు దొరికితే అదృష్టం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశారు. నా కోర్సు అప్పటికే అయిపోయింది!

బ్యాచ్‌లో అందరూ మా వాడి ఈడు పిల్లలే. మొదటి రోజు "ఆంటీ, మీరు పేరెంటా?" అని ఒకమ్మాయి అడిగింది. రెండో వారానికి అక్కా అని పిలవడం మొదలుపెట్టింది, అది నయం.

క్లాసు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్స్‌ఎంఎల్ నియమాలు నిజంగా ఒక పూటలో అయిపోతాయి. అంకెకో మాటకో ముందూ వెనకా కోణపు బ్రాకెట్లలో రాసే పేరే ట్యాగు. తెరిచిన ప్రతి ట్యాగునీ మూయాలి. లోపల తెరిచినదాన్ని లోపలే మూయాలి. మొత్తం ఫైలుకి పైన ఒకే ఒక్క పెద్ద ట్యాగు, మిగతావన్నీ దాని కడుపులో. ఇంగ్లీషులో అయితే పెద్ద అక్షరాలు వేరు, చిన్న అక్షరాలు వేరు. ట్యాగు పేరు అంకెతో మొదలు కాకూడదు, పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. ట్యాగు లోపల అదనపు వివరం రాస్తే, అంటే యాట్రిబ్యూట్ పెడితే, దాని విలువ కోట్స్‌లో ఉండాలి. అంతే. సారు బోర్డు మీద చెట్టు గీశారు, కొమ్మలు, రెమ్మలు. నాకు ఆ చెట్టు ఎక్కలేదు. ప్రతి డెబిట్‌కీ ఒక క్రెడిట్ ఉండాలి కదా, అలాగే తెరిచిన ట్యాగుకి మూసే ట్యాగు అనుకున్నాను, వెంటనే పట్టుబడింది. ఈ పోలిక నన్ను ఎక్కడ దెబ్బతీసిందో తర్వాత చెప్తాను.

ఫైలులో ఏ ట్యాగులుండాలో ముందే నిర్ణయించే డీటీడీ, స్కీమా, ఫైలుని ఇంకో రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అని తర్వాతి వారాల్లో చెప్పారు. టాలీకి డేటా ఎక్కించే నాలాంటి వాళ్ళకి వాటితో ఇప్పటిదాకా పని పడలేదు. ఇంకో మాట: ఎక్స్‌ఎంఎల్ 1998లో వచ్చింది, 2008లో వచ్చిన ఐదో ఎడిషనే ఇంకా నడుస్తోంది. కాబట్టి యూట్యూబ్‌లో పాత వీడియో చూసినా నష్టమేమీ లేదు. నేను సగం అలాగే నేర్చుకున్నాను, రాత్రిళ్ళు అన్నం అయ్యాక, ఫోన్లో.

క్లాసులో నన్ను పట్టుకున్న మాట ఒక్కటే. "ట్యాగులు ఎవరిష్టం వాళ్ళవి" అన్నారు సారు. అకౌంట్స్‌లో ఏదీ మన ఇష్టం కాదు. అందుకే అది వినగానే కాళ్ళ కింద నేల లేనట్టయింది. "తెలుగులో కూడా పెట్టుకోవచ్చా సార్?" అని అడిగితే పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు. "పెట్టి చూడమ్మా" అన్నారు. ఇంటికొచ్చి పెట్టి చూశాను.

<కాటా తేదీ="14-06-2025">
  <లోడు టోకెను="212">
    <రైతు ఊరు="తవణంపల్లె">ఫలానా</రైతు>
    <నికరబరువు>4350</నికరబరువు>
  </లోడు>
</కాటా>

దీన్ని సేవ్ చేసి క్రోమ్‌లో తెరిస్తే, ఈ ఫైలుకి స్టైల్ సమాచారం ఏదీ లేదని ఇంగ్లీషులో పైన ఒక వాక్యం వచ్చింది. నేను దాన్ని ఎర్రర్ అనుకుని భయపడ్డాను. కాదు. దాని కింద నా తెలుగు ట్యాగులన్నీ రంగుల్లో, పక్కన చిన్న బాణం గుర్తులతో, మూసి తెరవడానికి వీలుగా కనిపించాయి. ఆ వాక్యం వచ్చిందంటే ఫైలు బాగున్నట్టే లెక్క. ఆ రాత్రి కాటా స్లిప్పు మీదున్న ప్రతి గడికీ ఒక ట్యాగు పెట్టుకుంటూ కూర్చున్నాను. నాకు ఎక్స్‌ఎంఎల్ అర్థమైంది క్లాసులో కాదు, అప్పుడు. తెలుగు పేర్లతో మొదలుపెట్టమని ఎవరికైనా చెప్తాను. ఇంగ్లీషు ట్యాగులు చూస్తే ఏది కంప్యూటర్ మాటో, ఏది మనం పెట్టిన పేరో తేడా తెలీదు. లోడు, తరుగు అని మనమే రాస్తే తెలుస్తుంది.

అయితే తెలుగుతో రెండు చిక్కులు వచ్చాయి, రెండూ ఎవరూ చెప్పనివి.

మొదటిది ఆఫీసు కంప్యూటర్. అది విండోస్ 7. అక్కడి నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ అనే పద్ధతిలో సేవ్ చేస్తుంది. సేవ్ చేసేటప్పుడు ఏదో హెచ్చరిక పెట్టె వస్తుంది, మనం ఎప్పటిలాగే ఓకే నొక్కుతాం. మూసి తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు. వాటిని మళ్ళీ తెలుగు చేసే దారి లేదు, అక్షరాలు నిజంగానే పోతాయి. సేవ్ యాజ్‌లోకి వెళ్ళి కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను కూడా దాచగలిగే పద్ధతి) ఎంచుకోవాలి. విండోస్ 10లో 2019 నుంచి వచ్చిన నోట్‌ప్యాడ్ తనంతట తనే యూటీఎఫ్-8లో దాస్తుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో బాగుండి ఆఫీసులో చెడిపోయింది అందుకే. ఫైలు పై వరుసలో వెర్షన్, ఎన్‌కోడింగ్ రాసే డిక్లరేషన్ ఉంటుంది కదా, అది ఫైలులో అన్నిటికంటే ముందు ఉండాలి. దానికి పైన ఒక్క ఖాళీ వరుసున్నా ఒప్పుకోదు.

రెండోది ఇంకా విచిత్రం. ఒకరోజు టోకెన్ అనే ట్యాగు దగ్గర క్రోమ్ ఆగిపోయింది. తెరిచిన ట్యాగు, మూసిన ట్యాగు కలవడం లేదంటోంది. చూస్తే రెండుచోట్లా టోకెన్ అనే ఉంది. అక్షరం అక్షరం పోల్చాను. మా ఆయన్ని పిలిచి చూపించాను, ఆయనా "రెండూ ఒకటే కదా" అన్నారు. రాత్రి పన్నెండున్నరకి అక్క కొడుక్కి ఫైలు పంపితే పొద్దున ఫోన్ చేశాడు. "పిన్నమ్మా, నీ మొదటి టోకెన్ చివర కంటికి కనపడని అక్షరం ఒకటి ఉండాది. ఫోన్ కీబోర్డులో కొట్టినావా?" అవును, మొదటి సగం ఫోన్లో కొట్టి మెయిల్ చేసుకున్నాను. పొల్లుతో ముగిసే మాటల తర్వాత కొన్ని తెలుగు కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేదాన్ని చేరుస్తాయట. తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. మాట చివర అది ఉన్నా లేకపోయినా చూడడానికి తేడా ఉండదు. మనకి లేదు గానీ ఎక్స్‌ఎంఎల్‌కి ఉంది: దానికి అవి రెండు వేర్వేరు పేర్లు. అప్పటి నుంచి ట్యాగు పేర్లలో పొల్లుతో ముగిసే మాట పెట్టడం మానేశాను. టోకెన్ కాస్తా టోకెను అయింది. పైన చూపించిన ముక్కలో లోడు, టోకెను అని ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంకో సంగతి, క్రోమ్ మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని దిద్దితే తర్వాతిది చూపిస్తుంది. ఫైలులో ఇరవై ఉన్నా ఒక్కొక్కటే బయటికొస్తాయి. పైగా అది చెప్పే వరుస నంబరు చాలాసార్లు అసలు చోటు కాదు. ట్యాగు మూయనిది ఐదో వరుసలో అయితే, దానికి తెలిసేది పన్నెండో వరుసలో. పైకి వెతుక్కుంటూ పోవాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకున్నాక కొంచెం సుఖపడ్డాను. ఉచితం, ట్యాగులు రంగుల్లో చూపిస్తుంది, కనపడని అక్షరాలను కూడా చూపించే వీలుంది.

మే చివరి వారానికి సొంత ట్యాగులతో కుస్తీ అయిపోయింది. ఇక టాలీ. టాలీ దగ్గర "ఎవరిష్టం వాళ్ళది" కుదరదు, వాళ్ళ ట్యాగులే వాడాలి. అవి ఎక్కడ దొరుకుతాయంటే టాలీలోనే. ఒక వోచరు చేత్తో కొట్టి, దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెరిచి చూడడమే. తెరిచాను. గుండె జారిపోయింది. ఒక రైతు, ఒక లోడు, రెండు లెడ్జర్లు (ఖాతాలు) ఉన్న వోచరుకి ట్యాగులు పేజీలకు పేజీలు. ఎన్వలప్, దానిలో హెడర్, బాడీ, బాడీలో ఇంకేవో, వాటి లోపలెక్కడో వోచర్, దాని లోపల అవునా కాదా అనే జవాబులు వరసాగ్గా. ఆ రోజు లాప్‌టాప్ మూసి పడుకున్నాను.

మర్నాడు తోచిన పద్ధతే తర్వాత అందరికీ చెప్తున్నాను. కాపీ తీసుకుని, అక్కర్లేదనిపించిన ట్యాగులు కొన్ని తీసేసి టాలీకి ఇవ్వడం. తీసుకుంటే ఇంకొన్ని తీసేయడం. తీసుకోకపోతే చివర తీసినవి వెనక్కి పెట్టడం. అలా తగ్గించుకుంటూ పోతే మిగిలింది గుప్పెడు: వోచర్ రకం, తేదీ, నేరేషన్ (చిన్న వివరణ), రెండు లెడ్జర్ల పేర్లు, మొత్తాలు, చుట్టూ ఉండే ఎన్వలప్. ఇదంతా టెస్ట్ కంపెనీలోనే (టాలీలో ప్రయోగాలకని విడిగా తెరిచిన లెక్కల పుస్తకం), అసలు కంపెనీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాకే. ఇంట్లో లైసెన్స్ లేని టాలీ, ఎడ్యుకేషన్ మోడ్. అందులో నెలకి 1, 2, 31 తేదీల వోచర్లే ఎక్కుతాయి. జూన్‌కి 31 లేదు, ఇక నాకు మిగిలింది రెండు రోజులు. ప్రాక్టీసు లోడులన్నీ జూన్ 1నే వచ్చినట్టు రాసుకున్నాను.

టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో అకౌంటెంట్‌కి కళ్ళు తిరిగేది ఒకటుంది. డెబిట్ మొత్తం మైనస్ గుర్తుతో ఉంటుంది. పర్చేజ్ ఖాతా డెబిట్ 34,800 అయితే ఫైలులో మైనస్ 34800, రైతు ఖాతా క్రెడిట్ మామూలు 34800. ఇన్నేళ్ళ అలవాటుకి అది తలకిందులు. కామాలు కూడా ఉండకూడదు. తేదీ మధ్యలో గీతలు లేకుండా సంవత్సరం, నెల, రోజు: 20250614.

ఇప్పుడు అసలు పని. కాటా కంప్యూటర్ ఎక్సెల్ ఇస్తుంది. ఒక్కో వరుసనీ ఒక వోచర్‌గా మార్చాలి. మా వాడు "పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిస్తా పిన్నమ్మా" అన్నాడు. వద్దన్నాను. సీజన్ మధ్యలో అది ఆగితే నాకు దిద్దడం రాదు, వాడికి పరీక్షలుంటాయి. ఎక్సెల్ ఫార్ములాతోనే ట్యాగులు అతికించుకున్నాను. దీనిలో వచ్చినన్ని చిల్లర ఆశ్చర్యాలు ఇంకెక్కడా రాలేదు.

తేదీ గడిని ట్యాగుల మధ్య అతికిస్తే 14-06-2025 బదులు 45822 వచ్చింది. ఎక్సెల్ లోపల తేదీని అలా అంకెగానే దాచుకుంటుంది. టెక్స్ట్ ఫంక్షన్‌తో ఆకారం చెప్పాలి. యాట్రిబ్యూట్‌కి కోట్స్ పెట్టాలంటే ఫార్ములాలో వాటిని రెండేసి రాయాలి. ఒకే గడిలో వరుసలు విడగొట్టి అందంగా రాస్తే, నోట్‌ప్యాడ్‌లో అతికించినప్పుడు ఎక్సెల్ చుట్టూ తన కోట్స్ చేర్చేస్తుంది. కాబట్టి ఒక వోచరంతా ఒకే పొడుగు వరుసలో ఉండనివ్వాలి. ఎక్స్‌ఎంఎల్‌కి అందంతో పని లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన నమూనా అతికిస్తే వంకర కోట్స్ వచ్చి ఫైలు ఆగింది. నిలువు కోట్స్ మాత్రమే పనికొస్తాయి.

అన్నిటికంటే తమాషా ఈ & గుర్తు. ఎక్సెల్‌లో ముక్కలు అతికించేది అదే. ఎక్స్‌ఎంఎల్‌లో నేరుగా రాయకూడనిదీ అదే. మాకు పంపే మండీల పేర్లలో సగం ఫలానా & సన్స్, ఫలానా & కో. ఆ పేరు వచ్చిన దగ్గర ఫైలు నిలబడిపోతుంది. & బదులు అదే గుర్తు పెట్టి, వెంటనే ఏ, ఎమ్, పీ అనే మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, సెమీకోలన్ రాయాలి. < గుర్తుకి కూడా అలాంటి మారుపేరే ఉంది, అది & తోనే మొదలవుతుంది. అందుకని సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో మార్చేటప్పుడు & ని ముందు మార్చాలి, తర్వాత మిగతావి. వరుస తారుమారైతే మార్చినదాన్నే మళ్ళీ మారుస్తుంది. ఈ ఒక్క గుర్తు కోసం జూన్ మొదటి వారంలో ఒక ఆదివారం మొత్తం పోయింది. టాలీలో చూసుకుంటే మాత్రం పేరు మామూలుగా & తోనే కనపడుతుంది, అది చూసి ఎంత హాయిగా అనిపించిందో.

ఈలోగా ఫ్యాక్టరీ మొదలైంది, లోడులు దిగుతున్నాయి. 2025లో తోతాపురి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 ఇస్తుంది అని నిర్ణయించారు. నా ఫైలులో ధర అని ఒక ట్యాగు ఉండేది. అది ఏ ధర? మా పుస్తకాల్లోకి రావాల్సింది 8 మాత్రమే, 4 రైతుకి విడిగా పోతుంది. కానీ రైతు పట్టీ చూసి అడిగేది 12 గురించి. ధర అనే పేరే పనికిరాదని తెలిసి, ఫ్యాక్టరీధర, ప్రభుత్వవాటా అని రెండు చేశాను. టాలీకి పోయే ఫైలులో మొదటిదే, నా దగ్గరుండే షీటులో రెండూ. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ట్యాగుకి పేరు పెట్టడమంటే ఆ అంకె దేనిదో తేల్చుకోవడమే. పదేళ్ళుగా అదే గడిలో అంకెలు నింపుతూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

జూన్ మధ్యలో ఒక రోజు లోడులన్నీ టెస్ట్ కంపెనీకి ఇచ్చాను. చాలావరకు వెనక్కి కొట్టింది, ఆ లెడ్జరు లేదు, ఈ లెడ్జరు లేదు అని. ముందు రైతుల లెడ్జర్లు, అంటే మాస్టర్లు, ఎక్కాలి. వోచర్లు తర్వాత. ఏది ఎందుకు ఆగిందో టాలీ ఫోల్డర్లో ఒక లాగ్ ఫైలులో రాసి పెడుతుంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. పేరు రాతలో అక్షరం తేడా ఉన్నా అది వేరే లెడ్జరే. మాస్టర్ల ఫైలు ఇంకోటి తయారుచేసి అది ముందు ఇస్తే, ఈసారి ఎర్రర్లు సున్నా. మొత్తం బరువు కాటాతో సరిపోయింది. మొత్తం డబ్బు సరిపోయింది. ఆఫీసులో ఎవరూ లేరు గానీ చప్పట్లు కొట్టాలనిపించింది.

ప్రింటు తీసి కాటా అబ్బాయికి ఊరికే చూపించాను. వాడు వేలు పెట్టి, "మేడం, ఈయనకి రెండు లోడ్లు పడినాయే. ఆ ఊర్లో ఈ పేరుతో ఇద్దురు ఉండారు. రెండోది ఈయనది కాదు, కింద ఈదిలో ఆయనది" అన్నాడు.

ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ ఒకటే. మన పల్లెల్లో తాత పేరే మనవళ్ళిద్దరికీ పెడతారు, ఏం చేస్తాం. ఫైలులో ఒక్క ట్యాగు తేడా లేదు. క్రోమ్ ఒప్పుకుంది, టాలీ ఒప్పుకుంది, డెబిట్లు క్రెడిట్లు కలిశాయి, టోటల్ కలిసింది. డబ్బు మాత్రం ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి పోయింది. ట్యాగులు మూసుకుంటే లెక్క సరిపోయినట్టే అనే భావన నాకు లోపలెక్కడో ఉండేది, ఆ డెబిట్ క్రెడిట్ పోలిక వల్లే. ఎక్స్‌ఎంఎల్ చూసేది రాత తీరునే. లోపల రాసింది నిజమా కాదా దానికి పట్టదు. చేత్తో కొట్టే రోజుల్లో స్లిప్పు మీద పేరు చూడగానే ఎవరో గుర్తొచ్చి చెయ్యి ఆగేది. ఫైలుకి ఆ గుర్తు ఉండదు.

ఆ వారమంతా దానికే పోయింది. కాటా దగ్గర టోకెను ఇచ్చేటప్పుడే పట్టాదారు పాసుపుస్తకం చూసి ప్రతి రైతుకీ మా సొంత నంబరు ఒకటి ఇచ్చి, లెడ్జరు పేరు చివర ఆ నంబరు చేర్చాం. కాటా అబ్బాయి మొదట విసుక్కున్నాడు. "బయట లైను చూసినారా మేడం, ఇప్పుడు పాసుబుక్కులు యాడ చూసేది?" అన్నాడు, న్యాయమే. ఓనరు గారు వచ్చి గేటు దగ్గర ఇంకో మనిషిని పెట్టాక కుదిరింది. నేను నేర్చుకున్న ఎక్స్‌ఎంఎల్‌కి అయిన అసలు ఖర్చు అదే, సీజనంతా ఒక మనిషి జీతం. కోర్సు ఫీజు, బస్సు చార్జీలు దాని ముందు ఏమీ కాదు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఒక్క రూపాయీ పెట్టలేదు.

జూలై మొదటి వారం నుంచి అసలు కంపెనీలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి రోజు వేలు వణికింది. సాయంత్రం ఆరింటికి కాటా షీటు పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, ఏడు కాకముందే అయిపోతుంది. అందులో ఎక్కువ సేపు పేర్లు, నంబర్లు కళ్ళతో చూసుకోవడానికే. ఎక్కించడానికి పట్టేది రెప్పపాటు. ఒక జాగ్రత్త: నేను తగ్గించుకున్న ఫైలులో వోచర్‌ని గుర్తుపట్టే ఐడీ ట్యాగులు లేవు. కాబట్టి ఒకే ఫైలు రెండుసార్లు ఇస్తే వోచర్లు రెండుసార్లు ఎక్కేస్తాయి, ఏమీ అనదు. అందుకే ఫైలు పేరులో తేదీ పెట్టి, ఎక్కించిన వెంటనే "ఎక్కినవి" అనే ఫోల్డర్లోకి జరిపేస్తాను. మధ్యలో ఫోన్ వచ్చినా సరే, జరిపాకే ఎత్తుతాను.

పది దాటాక ఆఫీసులో ఉండే అవసరం జూలైలో పెద్దగా రాలేదు. మా ఆయన "ఇంట్లోనే కనపడతా ఉండావే" అని ఆటపట్టించారు. సర్టిఫికెట్ ఆగస్టులో వచ్చింది, ఇంతవరకు దాన్ని ఎవరూ అడగలేదు.

సీజన్ అయ్యాక, బంగారుపాళ్యం వైపు ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే ఆమె ఆ ఎక్సెల్ షీటు ఇమ్మని అడిగింది. ఇచ్చాను. లెడ్జర్ల పేర్లున్న పేజీ మాత్రం ఖాళీ చేసి ఇచ్చాను. మావి పెట్టుకుంటే ఆమె లోడులు ఎక్కవు, ఎక్కితే ఇంకా ప్రమాదం. ముందు మీ కాటా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రైతుల జాబితా తయారుచేసుకో, ఒకే పేరుతో ఉన్నవాళ్ళని ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకో, ఫార్ములాల సంగతి అప్పుడు ఫోన్ చెయ్ అన్నాను. ఇంకా చేయలేదు. జాబితా దగ్గరే ఉన్నట్టుంది.